శనివారం బట్వాడా ఖాతాలోకి మారాలంటే: బెంగళూరు సైట్లలో ఆఫీసు చేయాల్సిన పని

సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్, దేవనహళ్ళి వైపు లేస్తున్న భవనాల దగ్గర అనంతపురం, కర్నూలు, పాలమూరు నుంచి వలస వచ్చిన మనవాళ్ళు చాలామంది కనిపిస్తారు. వారం కూలి శనివారం నోట్ల రూపంలో ముందు మేస్త్రి చేతికి వెళ్తుంది, అక్కడి నుంచి వాళ్ళకు అందుతుంది. ఈ కూలి బట్వాడాను బ్యాంకు ఖాతాల్లోకి మార్చే ప్రాజెక్టులో లెక్కలు, కాగితాలు, ఫోన్లు చూసుకునేవాళ్ళ కోసం ఈ సూచనలు.

డబ్బు పంపడం అరగంట పని. ఎవరికి ఎంత రావాలో, ఆ ఖాతా నిజంగా ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవడానికే వారమంతా పడుతుంది. ఖాతా ఎవరి చేతిలో ఉందో పట్టించుకోకపోతే మేస్త్రి సంచిలో నోట్ల కట్టల చోట ఏటీఎం కార్డులు చేరతాయి. కూలివాడికి మాత్రం ఏమీ మారదు.

చట్టం ముందుగా తెలిసి ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం కూలిని నోట్లుగా ఇవ్వొచ్చు, చెక్కుగా ఇవ్వొచ్చు, ఖాతాలో వేయొచ్చు. దారి ఏదైనా గడువులు మాత్రం మారవు. రోజుకూలి ఆ షిఫ్టు ముగిసేసరికి ఇవ్వాలి. వారం కూలి వారపు సెలవుకు ముందు పనిరోజున, నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. పని మానేసినవాళ్ళకు, తీసేసినవాళ్ళకు రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అడ్వాన్సుతో సహా కోతలన్నీ కలిపి కూలిలో సగం దాటకూడదు. పే స్లిప్పు తప్పనిసరి. కంట్రాక్టరు ఎగ్గొడితే ఆ భారం అతన్ని పెట్టుకున్న కంపెనీ మీద పడుతుంది. కాబట్టి ‘బిల్లు పాసైతే కూలి వేస్తాం’ అనే మాటను ప్రాజెక్టు మొదటి సమావేశంలోనే తీసేయించాలి. కంపెనీ నుంచి బిల్లు ఆలస్యమైనా కనీసం రెండు వారాల కూలికి సరిపడే సొమ్ము కంట్రాక్టరు ఖాతాలో విడిగా ఉండేలా రాతపూర్వకంగా ఒప్పించండి. ఈ ఒక్క షరతు లేకపోతే మిగతా ఏర్పాట్లన్నీ రెండో నెలలోనే కూలబడతాయి.

ఖాతాల వివరాలు రాసుకునేటప్పుడు

మేస్త్రి ఇచ్చిన జాబితాతో మొదలుపెట్టకండి. షెడ్ల దగ్గరికి సాయంత్రం 6 తర్వాత వెళ్ళి, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి రాసుకోవాలి. ఒకరికి పది నిమిషాలు పడుతుంది. ఇద్దరు కూర్చుంటే ఒక సాయంత్రంలో 25 మంది దాకా అవుతారు. పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో, ఫోన్ నంబరు, ఆ నంబరుకు బ్యాంకు మెసేజ్ వస్తోందా లేదా, చివరిసారి ఎప్పుడు డబ్బు తీశారు, కార్డు ఎవరి దగ్గరుంది: ఈ అయిదూ అడగాలి. ఆధార్ కాపీ అవసరమైతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ మాత్రమే తీసుకోండి. ఆ కాపీలను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం పూర్తిగా మానాలి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, సంతకం పెట్టించేముందు పైకి చదివి వినిపించాలి.

ఇక్కడ బయటపడే చిక్కులు దాదాపు ప్రతి సైటులో ఒకేలా ఉంటాయి.

పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ (బ్యాంకు శాఖను గుర్తించేది). ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్ళాయి. 2025 మే 1న ఆంధ్ర ప్రగతి సహా నాలుగు గ్రామీణ బ్యాంకులు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారాయి. కూలివాళ్ళ ట్రంకుపెట్టెల్లో ఉన్నవి మాత్రం పాత పాస్‌బుక్కులే. అందుకే పాస్‌బుక్‌లో ఉన్న కోడ్‌ను అలాగే ఎక్కించకుండా, శాఖ పేరుతో ఇప్పటి కోడ్ వెతికి రాయాలి. కోడ్ సరిగ్గా 11 అక్షరాలు ఉండాలి, అయిదోది ఎప్పుడూ సున్నా. చాలామంది అక్కడ ఇంగ్లిష్ ‘ఓ’ కొడతారు.

నిద్రపోయిన ఖాతా. ఖాతాదారు రెండేళ్ళపాటు ఏ లావాదేవీ చేయకపోతే బ్యాంకు దాన్ని పక్కన పెడుతుంది. కూలి వెనక్కి వస్తుంది, లేదా పడినా తీయడానికి రాదు. కేవైసీ (గుర్తింపు, చిరునామా పత్రాలు) మళ్ళీ ఇస్తే తెరుచుకుంటుంది, దానికి రుసుము లేదు.

చిన్న ఖాతా. గుర్తింపు పత్రాలు లేకుండా ఫోటో, సంతకంతో తెరిచిన ఖాతాలు ఇవి. వీటిలో నిల్వ 50,000 దాటకూడదు, నెలకు 10,000 కంటే తీయకూడదు, ఆర్థిక సంవత్సరంలో మొత్తం జమ లక్ష దాటకూడదు. రోజుకు 800 లెక్కన ఆరు రోజులకు 4,800 వచ్చే మనిషికి మూడో వారం కూలి ఆ నెలలో చేతికి రాదు. ఏడాదిలో 21వ వారానికి లక్ష దాటి జమే ఆగిపోతుంది. నిన్నటిదాకా బాగానే పడిన కూలి ఉన్నట్టుండి తిరిగొస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆధార్ ఇచ్చి పూర్తి కేవైసీ చేయిస్తే ఈ పరిమితులు పోతాయి.

పేర్ల తేడా. మనకు ఇంటిపేరు ముందు, ఒక్కోచోట వెనక, ఒక్కోచోట పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో ‘ముత్యాల లక్ష్మీదేవి’, పాస్‌బుక్‌లో ‘లక్ష్మిదేవి ఎం’, హాజరు పట్టీ అయిన మస్టర్‌లో ‘లచ్చిమి’. మస్టర్‌లోనూ పే షీటులోనూ బ్యాంకులో ఉన్న పేరే వాడండి, పిలుపు పేరు పక్క గడిలో రాయండి. సైట్ సూపర్‌వైజరుకు గుర్తుండేది ఆ పిలుపు పేరే.

జతకూలి. భార్యాభర్తలిద్దరి కూలినీ కలిపి భర్తకు ఇచ్చే అలవాటు మన జిల్లాల గుంపుల్లో బలంగా ఉంది. ఆమె పేరు మస్టర్‌లో విడిగా ఉండాలి, కూలి ఆమె ఒక్కరి పేరు మీదున్న ఖాతాలో పడాలి. ఈ విషయంలో సర్దుకుపోవద్దు. ఇటుకలు మోసింది ఆమె. ‘మా ఇంట్లో అంతా ఒకటే’ అని భర్త అంటే ఆయనతో వాదనకు దిగకుండా, ఆమెకు ఖాతా తెరిచే ఫారం నింపడం మొదలుపెట్టండి.

కొత్త ఖాతా తెరిపించాల్సి వస్తే

ఊళ్ళో శాఖకు వెళ్ళి ఫోన్ నంబరు మార్పించుకోవాలంటే రానుపోను రెండు రోజుల కూలి పోతుంది. అలాంటప్పుడు సైటు దగ్గరి శాఖలో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించడమే మేలు. ఆధార్‌లో ఊరి చిరునామా ఉన్నా, ఈకేవైసీ చేసేటప్పుడు ఇప్పుడుంటున్న చిరునామాను స్వయంగా రాసిచ్చే వీలు రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో ఉంది. శాఖ మేనేజరును ముందే కలిసి, సైటు చిరునామాతో కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, 30 మంది జాబితా ఇస్తే షెడ్ల దగ్గరే క్యాంపు పెట్టించడం కష్టమేమీ కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. దీన్ని మరిస్తే కూలివాళ్ళ ఇంట్లో గొడవలవుతాయి. ఖాతా తెరిచే ఫారంలో ప్రభుత్వ సొమ్ము ఈ ఖాతాలోకి రావడానికి సమ్మతి అడిగే గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే గ్యాస్ సబ్సిడీ, ఉపాధి హామీ కూలి, పీఎం కిసాన్ లాంటివి ఊళ్ళో ఖాతా నుంచి ఈ కొత్త ఖాతాకు మళ్ళుతాయి. చివరగా ఆధార్‌తో ముడిపెట్టిన ఖాతాకే ఆ సొమ్ము వెళ్తుంది. ఊళ్ళో ఉన్న తల్లి పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది. అడిగి, ఖాతాదారు కావాలంటేనే టిక్కు పెట్టించండి.

షీటు తయారీ

ఎక్సెల్‌లో ఖాతా నంబర్ల గడులను ముందే ‘టెక్స్ట్’గా మార్చాలి. లేకపోతే మొదట్లో ఉన్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలు దాటిన నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు నంబర్లకు 16 అంకెలుంటాయి, అవి ఇలాగే చెడతాయి. నంబరు కొట్టాక ఫార్మాట్ మారిస్తే లాభం లేదు, పోయిన అంకె తిరిగి రాదు.

ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు సొమ్ము పంపే నెఫ్ట్‌లో బ్యాంకు సాధారణంగా ఖాతా నంబరు చూసే జమ చేస్తుంది, పేరు సరిపోల్చదు. ఒక్క అంకె తప్పితే కూలి ఇంకెవరి ఖాతాలోనో పడుతుంది. తిరిగి రాబట్టడానికి వారాలు పడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం బ్యాంకుల్లో వచ్చింది. ప్రతి కొత్త ఖాతాకూ దాన్ని వాడండి. అది చాలదు, ఒక రూపాయి పంపి, ‘పడింది’ అని ఆ మనిషి నోటితో విన్నాకే పేరు పక్కన టిక్కు పెట్టండి.

వారం ఎలా నడవాలి

120 మంది ఉన్న సైటుకు ఈ క్రమం సరిపోతుంది. వారం లెక్క శుక్రవారం మొదలై గురువారం ముగియాలి. కొత్తగా చేరినవాళ్ళ ఖాతాలు బుధవారానికల్లా బ్యాంకు పోర్టల్‌లో నమోదవ్వాలి. కొత్త పేర్లకు మొదటి కొన్ని గంటలు పంపే సొమ్ము మీద పరిమితి పెట్టే బ్యాంకులున్నాయి. గురువారం సాయంత్రం మస్టర్ మూసి, హాజరు, ఓటీ (అదనపు గంటల పని), అడ్వాన్సు వివరాలను షెడ్ల దగ్గర గోడకు అంటించండి. రాత్రి 9 దాకా అభ్యంతరాలు వినండి. అభ్యంతరాల్లో ఎక్కువ భాగం ‘సగం రోజు’ దగ్గరే వస్తాయి. శుక్రవారం ఉదయం సవరణలు పూర్తిచేసి, మధ్యాహ్నం ఒకరు ఫైలు ఎక్కించాలి, ఇంకొకరు ఆమోదించాలి. ఇద్దరి పాస్‌వర్డులూ ఒకరి దగ్గరే ఉండకూడదు. ఆమోదించే ముందు మనుషుల సంఖ్య, మొత్తం సొమ్ము, అన్నిటికంటే పెద్ద మొత్తం ఎవరిది అనే మూడింటినీ మస్టర్‌తో పోల్చాలి.

నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రోజంతా, సెలవుల్లోనూ నడుస్తోంది. అయినా శనివారం దాకా ఆగొద్దు. రెండో, నాలుగో శనివారాల్లో శాఖలు మూసి ఉంటాయి, తిరిగొచ్చిన సొమ్ము గురించి అడగడానికి మనిషి దొరకడు. శుక్రవారం పంపితే తిరిగొచ్చినవి ఆ సాయంత్రానికే తెలుస్తాయి, శనివారం మధ్యాహ్నానికి మళ్ళీ పంపొచ్చు. రెండోసారీ తిరిగొస్తే ఆ వారానికి నగదే ఇచ్చి, రసీదు మీద సంతకమో వేలిముద్రో తీసుకోండి. మన కాగితం తప్పుకు ఒక కుటుంబం ఆదివారం సంతకు వెళ్ళకుండా ఉండకూడదు.

వారం లెక్క మార్చిన మొదటిసారి సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజుల కూలే పడుతుంది. శుక్ర, శనివారాలది తర్వాతి బట్వాడాలో కలుస్తుంది. ఇది పది రోజుల ముందే చెప్పకపోతే ‘బ్యాంకు రెండు రోజులు మింగింది’ అనే మాట పుడుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది. 120 మందినీ ఒకేసారి మార్చొద్దు. ఒక గుంపులో 15 మందితో మొదలుపెట్టి, రెండు బట్వాడాలు తప్పు లేకుండా జరిగాక రెండో గుంపుకు వెళ్ళండి.

డబ్బు చేతికి రావడం

ఖాతాలో పడగానే పని అయిపోయిందని ఆఫీసు అనుకుంటుంది. కూలివాడికి అప్పుడే పని మొదలవుతుంది. షెడ్ల నుంచి కిలోమీటరు లోపల ఏటీఎంలు ఎన్ని ఉన్నాయో, శనివారం రాత్రి వాటిలో నోట్లుంటాయో లేదో నడిచి వెళ్ళి చూడండి. బెంగళూరులో వేరే బ్యాంకు ఏటీఎం నెలకు మూడుసార్లే ఉచితం, ఆ తర్వాత ఒక్కోసారికి 23 రూపాయల దాకా, దానిపైన పన్నులు పడతాయి. వారం వారం తీసేవాళ్ళకు నాలుగో వారం ఈ కోత తగులుతుంది. సొంత బ్యాంకు ఏటీఎంలో అయిదుసార్లు ఉచితం. ఈ రెండు లెక్కలూ గోడ మీద రాయించండి.

వేలిముద్రతో డబ్బిచ్చే బ్యాంకు మిత్ర మీదే ఆధారపడలేం. సిమెంటు, సున్నం పనిచేసేవాళ్ళ వేలి గీతలు అరిగిపోయి యంత్రానికి అందవు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేరే వేలితో ప్రయత్నిస్తే కొందరికి పనిచేస్తుంది. పనిచేయనివాళ్ళకు రూపే కార్డు కచ్చితంగా ఉండాలి. ఏటీఎం నోట్లివ్వకుండా ఖాతాలో కోస్తే, స్లిప్పు దాచుకోమనండి. అయిదు రోజుల్లో బ్యాంకు సొమ్ము వెనక్కి వేయాలి, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలి.

యూపీఐ నేర్పేటప్పుడు ముందు చెప్పాల్సింది: డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయనక్కర్లేదు. ఎవరైనా కొట్టమంటే మోసం. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఏడాదికోసారి, మే నెలాఖరున, ‘కూలి తగ్గింది’ అనే ఫిర్యాదులు గుంపుగా వస్తాయి. బీమా పథకాల ప్రీమియం 20 రూపాయలు, 436 రూపాయలు ఖాతాల నుంచి కోసే సమయం అది. పాస్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చుని ఆ వరుస చూపించండి. వద్దనుకున్నవాళ్ళు బ్యాంకులో రాసిచ్చి ఆపుకోవచ్చు.

మేస్త్రి మీద కన్ను

రెండు వారాలకోసారి ఫోన్ నంబర్ల గడిని వరుసలో పేర్చి చూడండి. భార్యాభర్తలు కాకుండా ఒకే నంబరు రెండుసార్లు కనిపిస్తే వెంటనే ఆరా తీయాలి. ఒకే రోజు ఒకే శాఖలో తెరిచిన పన్నెండు ఖాతాలు, వాటికి మేస్త్రి తమ్ముడి నంబరు ఉంటే కూలి ఎక్కడికి వెళ్తోందో వేరే చెప్పక్కర్లేదు. నెలకు పది మందిని, మేస్త్రి లేని చోట, మూడు ప్రశ్నలు అడగండి: కార్డు చూపిస్తావా, పోయిన వారం ఎంత పడింది, అందులో ఎవరికైనా తిరిగి ఇచ్చావా. కార్డు మేస్త్రి దగ్గరుందని తేలితే, కార్డు తిరిగి ఇప్పించి అదే రోజు పిన్ మార్పించాలి. ఆ మనిషి పేరు బయటపెట్టకుండా గుంపు మొత్తానికీ పిన్ మార్పించడం మంచిది, లేకపోతే సోమవారం అతనికి పని ఉండదు.

మేస్త్రికి న్యాయంగా రావాల్సింది కూడా మర్చిపోకూడదు. మనుషుల్ని తెచ్చి, దారి ఖర్చులు పెట్టి, ఊళ్ళో అడ్వాన్సులు ఇచ్చింది అతనే. అతని కమీషన్ కూలి నుంచి కాకుండా కంట్రాక్టరు నుంచి విడి బిల్లుగా, అతని ఖాతాలో, అదే శుక్రవారం పడేలా చూడండి. ఇచ్చిన అడ్వాన్సులు ఎవరికెంతో రాయించి, ఇద్దరి సంతకాలతో పే స్లిప్పులో కోతగా చూపించండి. అప్పుడు కార్డులు దగ్గర పెట్టుకోవాల్సిన అవసరం అతనికి చాలావరకు ఉండదు.

ఉగాదికో పీర్ల పండుగకో ఊరెళ్ళేవాళ్ళ జాబితా వారం ముందే తీసుకోండి. తిరిగి రామనేవాళ్ళకు లెక్క పూర్తిగా తేల్చి, సొమ్ము పడిన మెసేజ్ చూశాకే బస్సెక్కేలా చూడండి. స్లిప్పు వెనక ఆఫీసు ఫోన్ నంబరు పెద్ద అంకెల్లో రాసివ్వండి.