కనెక్షన్ ఎక్కడ ఆగుతోంది? పోస్ట్‌గ్రెస్ హెచ్‌ఏ క్లస్టర్‌లో జాప్యానికి కారణం కనిపెట్టే పద్ధతి

అప్లికేషన్ లాగ్‌లో కనెక్షన్ టైమవుట్లు మొదలవగానే చాలా చోట్ల ముందుగా చేసే పని డేటాబేస్ ఒకేసారి అనుమతించే కనెక్షన్ల గరిష్ఠ సంఖ్యను, అంటే మ్యాక్స్_కనెక్షన్స్ విలువను, పెంచడం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పుడుతుంది కాబట్టి ఈ పెంపు వల్ల అసలు కారణం అలాగే ఉండిపోయి, మెమరీ మీద భారం మాత్రం పెరుగుతుంది. పైగా నకలు సర్వర్ అయిన స్టాండ్‌బైలో ఈ విలువ, ప్రధాన సర్వర్ అయిన ప్రైమరీలో ఉన్నదానికన్నా తక్కువ ఉండకూడదు. ముందు ప్రైమరీలో పెంచేస్తే, వెర్షన్ 14 నుంచి స్టాండ్‌బైలో రికవరీ (ప్రైమరీ నుంచి వచ్చే మార్పులను అమలు చేసుకోవడం) ఆగిపోతుంది. అంటే వేగం కోసం చేసిన మార్పు అధిక లభ్యతకే (హెచ్‌ఏకే) ఎసరు పెడుతుంది. అందుకే ఏ సెట్టింగునూ ముట్టుకోకముందే నిరీక్షణ ఏ అంచెలో జరుగుతోందో తేల్చుకోవాలి. అప్లికేషన్ నుంచి, కనెక్షన్లను పూల్‌గా ఉంచి పంచే పీజీబౌన్సర్‌కు, అక్కడి నుంచి ప్రస్తుత ప్రైమరీ వైపు దారి మళ్లించే హాప్రాక్సీ ద్వారా, ప్రైమరీ ఏదో నిర్ణయించే ప్యాట్రోని నడిపే క్లస్టర్‌లోని ప్రైమరీకి వెళ్లే అమరికను దృష్టిలో పెట్టుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట అప్లికేషన్ నడిచే సర్వర్ నుంచే పోస్ట్‌గ్రెస్ కమాండ్ సాధనం పీఎస్‌క్యూఎల్‌తో ‘సెలెక్ట్ 1’ పంపి, పట్టిన సమయాన్ని పీజీబౌన్సర్ పోర్టుకు, హాప్రాక్సీ పోర్టుకు, ప్రైమరీ ఐపీకి విడివిడిగా కొలవాలి. హోస్ట్ పేరుతో ఒకసారి, ఐపీతో ఒకసారి కొలిస్తే, పేరును ఐపీగా మార్చే డీఎన్‌ఎస్ వాటా ఎంతో కూడా అక్కడే తెలిసిపోతుంది. ప్రైమరీకి నేరుగా వెళ్లినప్పుడు వెంటనే జవాబు వచ్చి, పీజీబౌన్సర్ ద్వారా ఆలస్యమైతే వెతకవలసింది పూల్‌లో. నేరుగా వెళ్లినా ఆలస్యమైతే, ఆ ఆలస్యం ఎంతో జాగ్రత్తగా చూడండి. 6.5కు ముందటి లినక్స్ కెర్నల్‌లలో అది సరిగ్గా 1 సెకను, 3 సెకన్లు, 7 సెకన్ల దగ్గర పేరుకుంటుంటే, కనెక్షన్ మొదలుపెట్టడానికి లినక్స్ పంపిన మొదటి సిన్ ప్యాకెట్‌కు జవాబు రాక మళ్లీ మళ్లీ పంపుతోందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అప్పుడు ఫైర్‌వాల్‌నూ, డేటాబేస్ సర్వర్‌లో వినే సాకెట్ క్యూనూ చూడాలి. ‘ఎస్‌ఎస్ -ఎల్‌ఎన్‌టీ’ ఇచ్చే ఫలితంలో రిసీవ్-క్యూ అంకె సెండ్-క్యూ అంకెను అందుకుంటోందంటే, వచ్చిన కనెక్షన్లను స్వీకరించే వేగం సర్వర్‌కు చాలడం లేదు.

పూల్ మీద అనుమానం ఉంటే పీజీబౌన్సర్ అడ్మిన్ కన్సోల్‌లో ‘షో పూల్స్’ అని అడగాలి. ఉదాహరణకు ఒక వరుసలో సీఎల్_వెయిటింగ్ 37, ఎస్‌వీ_యాక్టివ్ 20, ఎస్‌వీ_ఐడిల్ 0, మ్యాక్స్‌వెయిట్ 14 అని ఉందనుకుందాం. డిఫాల్ట్_పూల్_సైజ్ మార్చకపోతే 20 కాబట్టి, సర్వర్ వైపు కనెక్షన్లన్నీ పనిలో ఉన్నాయి, 37 క్లయింట్లు క్యూలో నిలబడ్డాయి, వాటిలో అన్నిటికన్నా ముందు వచ్చినది 14 సెకన్లుగా ఎదురుచూస్తోంది. అదే ఎస్‌వీ_యాక్టివ్ తక్కువగా ఉండి ఎస్‌వీ_లాగిన్ (ఇంకా లాగిన్ అవుతున్న సర్వర్ కనెక్షన్ల సంఖ్య) సున్నాకు దిగకుండా ఉంటే, పీజీబౌన్సర్ సర్వర్‌లోకి లాగిన్ కాలేకపోతోందని అర్థం. ఈ రెండింటికీ మందు వేరువేరు. రెండూ అప్లికేషన్‌కు మాత్రం ఒకే టైమవుట్‌గా కనిపిస్తాయి.

పూల్ నిండిందని తెలిసిన చోటే ఆగిపోవడం సరికాదు, ఆ ఇరవై కనెక్షన్లూ లోపల ఏం చేస్తున్నాయో చూడాలి. ప్రైమరీలో, ఒక్కో సెషన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ నుంచి స్టేట్, వెయిట్_ఈవెంట్_టైప్, వెయిట్_ఈవెంట్, ఎక్స్‌యాక్ట్_స్టార్ట్ (xact_start), స్టేట్_చేంజ్ నిలువు వరుసలను తీసుకోండి. ‘ఐడిల్’ స్థితిలో ‘క్లయింట్‌రీడ్’ (క్లయింట్ పంపే తర్వాతి ఆదేశం కోసం ఎదురుచూపు) కనిపించడం సహజమే. ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ స్థితిలో అదే కనిపిస్తే మాత్రం, అప్లికేషన్ ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి మరో పనిలో, బహుశా బయటి చెల్లింపుల సేవ జవాబు కోసం, ఆగిపోయిందన్నమాట. ట్రాన్సాక్షన్ ముగియగానే కనెక్షన్‌ను పూల్‌కు తిరిగి ఇచ్చే ట్రాన్సాక్షన్ పూలింగ్‌లో కూడా ఆ కనెక్షన్ కమిట్ అయ్యేదాకా విడుదల కాదు. దీన్ని కోడ్‌లోనే సరిదిద్దాలి. అలా ఆగిన సెషన్‌ను గడువు దాటగానే తెంచే ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్ రక్షణ కంచెగా మాత్రమే పనికొస్తుంది.

హెచ్‌ఏ క్లస్టర్లకే ప్రత్యేకమైన నిరీక్షణ ‘సింక్‌రెప్’. సింక్రొనస్ రెప్లికేషన్‌లో కమిట్ చేసిన సెషన్, స్టాండ్‌బై నుంచి ధ్రువీకరణ వచ్చేదాకా ఇక్కడ ఆగుతుంది. ఆగినంతసేపూ తన లాక్‌లను వదలదు, పూల్‌లోని కనెక్షన్‌నూ వదలదు. స్టాండ్‌బై డిస్క్ నెమ్మదించినా, మధ్య నెట్‌వర్క్ తడబడినా ముందు కమిట్లు, తర్వాత లాక్‌లు, చివరికి పూల్ నిలిచిపోతాయి. అప్లికేషన్ వాళ్లు చూసేది ఆ చివరి దశనే కాబట్టి, స్టాండ్‌బైలో ఉన్న లోపం కనెక్షన్ సమస్యగా నమోదవుతుంది. చాలా వరుసల్లో సింక్‌రెప్ కనిపిస్తే స్టాండ్‌బైల స్థితిని చూపే పీజీ_స్టాట్_రెప్లికేషన్‌కు వెళ్లి సింక్_స్టేట్‌నూ మూడు ల్యాగ్ (వెనుకబాటు) విలువలనూ పోల్చండి. రైట్_ల్యాగ్ ఎక్కువైతే ముందు నెట్‌వర్క్‌ను, అది తక్కువగా ఉండి ఫ్లష్_ల్యాగ్ ఎక్కువైతే స్టాండ్‌బై డిస్క్‌ను అనుమానించాలి. సింక్రొనస్_కమిట్ విలువ రిమోట్_అప్లై (స్టాండ్‌బైలో మార్పు అమలయ్యేదాకా ఆగడం) అయితే రీప్లే_ల్యాగ్ కూడా లెక్కలోకి వస్తుంది. అప్పుడు స్టాండ్‌బైలో నడిచే ఒక పొడవాటి రిపోర్టు క్వెరీ ప్రైమరీలో కమిట్లను ఆపగలదు.

అసలు సింక్రొనస్ స్టాండ్‌బై లేకుండా పోతే ఈ నిరీక్షణకు కాలపరిమితి ఉండదు. అలా ఆగిన కమిట్‌ను రద్దు చేసినా ట్రాన్సాక్షన్ వెనక్కి పోదు: ప్రైమరీలో కమిట్ అయిపోయిందనీ, స్టాండ్‌బైకి చేరి ఉండకపోవచ్చనీ హెచ్చరిక మాత్రం వస్తుంది. డబ్బు లావాదేవీలు నడిపేవారు ఈ సంగతిని ముందే తెలుసుకుని ఉండాలి. రెండు స్టాండ్‌బైలు ఉన్నప్పుడు వాటిలో ఏ ఒక్కటి ధ్రువీకరించినా చాలనే ‘ఎనీ 1’ అమరికే మేలని నా అభిప్రాయం.

ఫెయిలోవర్ (ప్రైమరీ పడిపోయి స్టాండ్‌బై దాని స్థానం తీసుకోవడం) తర్వాత మిగిలిపోయే జాప్యం వేరు. పాత ప్రైమరీ కరెంటు పోయినట్టు ఒక్కసారిగా మాయమైతే, దానికి డేటా పంపి ఎదురుచూస్తున్న సాకెట్‌ను లినక్స్ సాధారణ అమరికలో సుమారు 15 నిమిషాల దాకా వదులుకోదు. ఖాళీగా ఉన్న కనెక్షన్ మీద అవతలివైపు ఇంకా ఉందో లేదో చూసే మొదటి కీప్‌ఎలైవ్ వెళ్లడానికే 7,200 సెకన్లు పడుతుంది. అందువల్ల హాప్రాక్సీలో, పడిపోయిన సర్వర్ సెషన్లను తెంచే ‘ఆన్-మార్క్‌డ్-డౌన్ షట్‌డౌన్-సెషన్స్’ ఉందో లేదో చూడాలి, పంపిన డేటాకు జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే టీసీపీ_యూజర్_టైమవుట్‌ను సెకన్లలోకి దించాలి. కొత్త ప్రైమరీ సిద్ధమైనా మరికొన్ని సెకన్లు వృథా అవుతుంటే పీజీబౌన్సర్‌లోని సర్వర్_లాగిన్_రీట్రై చూడండి. ఒకసారి లాగిన్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించే ముందు అది మామూలుగా 15 సెకన్లు ఆగుతుంది. ప్యాట్రోనిలో టీటీఎల్ (నాయకత్వపు గడువు) 30 సెకన్లుగా ఉన్న క్లస్టర్‌లో నాయకత్వం మారే సమయానికి ఇది అదనం.

పీజీ_స్టాట్_యాక్టివిటీ ఆ క్షణాన్ని మాత్రమే చూపుతుంది, గతాన్ని నిల్వ ఉంచదు. కాబట్టి దానితోపాటు పీజీ_స్టాట్_రెప్లికేషన్, ‘షో పూల్స్’ ఫలితాలను కూడా ప్రతి 10 సెకన్లకోసారి కాలముద్రతో సహా క్లస్టర్ బయట ఉన్న మరో యంత్రంలో భద్రపరచండి. సర్వర్ల గడియారాలన్నీ, సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీతో కలిసి ఉండాలి; లేకపోతే సింక్‌రెప్ ముందు వచ్చిందా, పూల్ ముందు నిండిందా అన్నది ఆ నమోదుల నుంచి తేలదు.