డైనమో విప్పే ముందు ఎర్ర లైటు చూడండి

పాత ట్రాక్టర్‌లో బ్యాటరీకి చార్జింగ్ ఎక్కట్లేదంటే వెంటనే ఆల్టర్నేటర్ (మనం డైనమో అనేది) విప్పకండి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. మీటరు బోర్డులో ఎర్ర బ్యాటరీ లైటు వెలగాలి. చాలా పాత మోడళ్లలో రోటరుకు (ఆల్టర్నేటర్ లోపల తిరిగే భాగం) మొదట కావాల్సిన కొద్దిపాటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడితే ఆల్టర్నేటర్ ఎంత బాగున్నా చార్జింగ్ మొదలవదు.

లైటు వెలగలేదా? ఆల్టర్నేటర్ వెనక సన్న వైరు (డి ప్లస్) పీకి ఇంజన్ బాడీకి తాకించండి. లావు వైరు జోలికి మాత్రం పోవద్దు, అది నేరుగా బ్యాటరీదే, నిప్పులు కురుస్తాయి. ఇప్పుడు వెలిగితే బల్బు, వైరు బాగున్నట్టే, తప్పు లోపలుంది. చాలాసార్లు అది రోటరుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరగడమే. 5 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే మార్చేయండి. రెగ్యులేటర్‌తో (వోల్టేజీని అదుపు చేసేది) కలిసి వచ్చే రకమైతే రెండూ ఒకేసారి మారతాయి.

బిగించాక ఇంజన్ రేస్ చేసి బ్యాటరీ మీద మీటరు పెట్టండి: 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 24 వోల్టుల లారీకైతే 28 దరిదాపు. 12 వోల్టుల బండిలో 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే.

చార్జింగ్ చూడ్డానికి నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ టెర్మినల్ పీకే అలవాటుంటే మానుకోండి, ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు (ఏసీని డీసీగా మార్చేవి) కాలిపోయేది అక్కడే.