తీగ గులాబీకి వచ్చే శిలీంధ్ర తెగుళ్లు: గుర్తింపు, చికిత్స, నివారణ

తీగ గులాబీ ఆకు మీద మచ్చ కనబడగానే మందు కొనడానికి వెళ్లకుండా, ముందు ఆ ఆకును బొటనవేలితో రుద్ది చూడాలి. తెల్లటి పొడి వేలికి అంటితే అది బూడిద తెగులు. మచ్చ నల్లగా ఉండి, దాని అంచు కాగితం మీద పాకిన సిరాచుక్కలా పీచుపీచుగా కనిపిస్తూ, ఎంత రుద్దినా చెరగకుండా, చుట్టూ ఆకు పసుపుబారుతుంటే అది నల్లమచ్చ తెగులు. ఆకు అడుగున నారింజ రంగు పొక్కులుంటే తుప్పు తెగులు.

నల్లమచ్చ శిలీంధ్రం ఆకులోకి చొరబడాలంటే ఆకు దాదాపు 7 గంటలపాటు ఎడతెగకుండా తడిగా ఉండాలి. బూడిద తెగులుకు ఆ తడితో పనిలేదు. గాలి ఆడని చోట, రాత్రివేళ వాతావరణంలో తేమ పెరిగితే చాలు. కాబట్టి నీళ్లు ఉదయమే, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గరే పోయాలి. గోడను అంటిపెట్టుకుని పాకిన తీగకు వెనకవైపు గాలి తగలదు కనుక, ఊతంగా కట్టే జాలీని గోడకు కనీసం నాలుగైదు అంగుళాల ఎడంగా బిగించి, తీగలను ఒకదానిమీద ఒకటి పడకుండా పక్కలకు పరిచి కట్టాలి.

పొద గులాబీకి తెగులు సోకితే కొమ్మలన్నీ కురచగా కత్తిరించవచ్చు. తీగ గులాబీకి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే చాలా రకాలు పాత తీగల నుంచి వచ్చే పక్క కొమ్మలకే పూస్తాయి. అందువల్ల ప్రధాన తీగలను ఉంచి, పూత ముగిసిన పక్క కొమ్మలను రెండు మూడు కణుపులకు కుదించి, ఊదారంగు మచ్చలున్న లేత కొమ్మలను మాత్రం తీసివేయాలి. నల్లమచ్చ శిలీంధ్రం అననుకూల కాలంలో ఆ మచ్చల్లోనూ, రాలిన ఆకుల్లోనూ దాగి ఉంటుంది.

మచ్చపడిన ఆకును ఏ మందూ తిరిగి పచ్చగా చేయలేదు. మందు కాపాడేది కొత్త ఆకునే. బూడిద తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం, నల్లమచ్చకు వాడకానికి అనుమతి ఉన్నచోట 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి, ఆకుల అడుగుభాగం కూడా తడిసేలా పిచికారీ చేయాలి. అయితే డబ్బా మీద ముద్రించిన మోతాదు, వ్యవధి వేరుగా ఉంటే వాటినే పాటించాలి. ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు గానీ, వేపనూనె చల్లిన రెండు వారాలలోపు గానీ గంధకం వాడితే ఆకులు మాడిపోతాయి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వంటసోడా నీళ్లు బూడిద తెగులు ఆరంభ దశలో కొంత పనిచేస్తాయి గాని, నల్లమచ్చకు వాటిని నమ్ముకోమని నేను చెప్పను.

రాలిన ఆకులను ఎరువు గుంటలో వేయకుండా, సంచిలో కట్టి పారవేయాలి. తీగల కట్లలో, ముళ్ల మధ్య ఇరుక్కున్న ఎండుటాకులను కూడా ఏరాలి; నేల శుభ్రంగా ఊడ్చినవారు సైతం సాధారణంగా వదిలేసేది వీటినే.