పాత పత్రిక ఫొటోల ఆర్కైవ్ పనికొస్తుందో లేదో ఇలా చూడండి

అమెరికా పత్రిక లైఫ్ లాంటి పాత పత్రికల ఫొటో ఆర్కైవ్ ఆన్‌లైన్‌లో దొరికితే, ఎన్ని లక్షల ఫొటోలున్నాయో చూసి మురిసిపోకండి. ముందు మీకు బాగా తెలిసిన ఒక్క ఫొటో వెతకండి. నేనైతే 1946లో లైఫ్ ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ తీసిన గాంధీ, రాట్నం ఫొటో వెతుకుతాను. ఫొటోగ్రాఫర్ పేరు, ఊరు, తేదీ ఉన్నాయా? అదే సందర్భంలో తీసిన మిగతావి కూడా చూపిస్తోందా? నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పత్రికలో అచ్చయ్యేవి కొన్నే, అక్కడేం జరిగిందో బాగా తెలిసేది చాలాసార్లు అచ్చుకాని వాటిలోనే. వాడుకునే హక్కుల గురించి ఏం రాశారో కూడా చదవండి. తేదీ దగ్గర ఫొటో తీసిన సంవత్సరం కాకుండా అప్‌లోడ్ చేసిన సంవత్సరం కనిపిస్తే మాత్రం, మిగతా వివరాలు ఇంకోచోట సరిచూసుకున్నాకే వాడండి.