రిపీటెడ్ మెజర్స్ అనోవా: క్లిక్కులకి రెండు నిమిషాలు చాలు, ముందు మనుషుల్ని లెక్కపెట్టుకోండి

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీలో కింద ఫ్లోర్‌లో ఉండే అమ్మాయి ఫిజియోథెరపీ మాస్టర్స్ చేస్తోంది, మొన్న రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ పట్టుకొచ్చి "అక్కా, రేపు పొద్దునకల్లా అనోవా పంపాలంట" అని నా మంచం మీద కూలబడింది. అనోవా అంటే సగటుల మధ్య తేడా నిజమైనదో, ఏదో అలా వచ్చిందో చూసే లెక్క. మెడనొప్పి ఉన్న 24 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు, వ్యాయామాలు మొదలెట్టకముందు ఒకసారి, రెండు వారాలకి ఒకసారి, నాలుగు వారాలకి ఒకసారి నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా చెప్పించుకుంది. దానికి మామూలు వన్ వే అనోవా (వేర్వేరు మనుషుల గ్రూపుల్ని పోల్చేది) కొట్టేసింది. అలా చేస్తే సాఫ్ట్‌వేర్ వీళ్లని 72 మంది వేర్వేరు మనుషులనుకుంటుంది, ఉన్నదేమో 24 మందే. ఒకడు చిన్న నొప్పికే ఎనిమిది అంటాడు ఇంకొకడు మెడ తిరక్కపోయినా మూడే అంటాడు, ఆ మనిషికీ మనిషికీ ఉండే తేడాని పక్కన తీసేసి మార్పు ఒక్కటే చూడటానికే ఈ రిపీటెడ్ మెజర్స్.

ముందు డేటా షీట్. ఎస్‌పీఎస్‌ఎస్, జమోవి, ఆర్ మూడూ ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్లే. ఎస్‌పీఎస్‌ఎస్‌కైనా జమోవికైనా ఒక మనిషికి ఒక్కటే వరస, మూడుసార్లు కొలిస్తే పక్కపక్కన మూడు కాలమ్స్. ఆర్‌లో చేసేవాళ్లకి మాత్రం సాధారణంగా లాంగ్‌గా ఉండాలి, అంటే మనిషికి మూడు వరసలు, ఐడీ కాలమ్‌ని ఫ్యాక్టర్‌గా మార్చుకోవాలి, లేకపోతే ఐడీ నంబర్లని కూడా కొలతలే అనుకుని లెక్కేస్తుంది.

తన షీట్ చూస్తుంటే నాలుగో వారం కాలమ్‌లో ఐదు సున్నాలు కనబడ్డాయి. నొప్పి పూర్తిగా పోయిందా అంటే "కాదక్కా, ఆ రోజు వాన, సిల్క్ బోర్డ్ దగ్గర ఇరుక్కుపోయి రాలేదు, అందుకే సున్నా వేశా" అంది. చూశారా, రాని మనిషికి నొప్పి తగ్గిపోయింది! రానివాళ్లది ఖాళీగా వదలండి, సున్నా వెయ్యకండి.

ఇప్పుడు ఎస్‌పీఎస్‌ఎస్‌లో అనలైజ్, జనరల్ లీనియర్ మోడల్, అందులో రిపీటెడ్ మెజర్స్. ఆ ఆప్షనే కనబడకపోతే మీ లైసెన్స్‌లో అడ్వాన్స్‌డ్ స్టాటిస్టిక్స్ లేదన్నమాట, తన్నుకోకుండా జమోవి దించుకోండి, ఫ్రీ, లోపల నడిచేది ఆరే. మొదటి బాక్స్‌లో ఫ్యాక్టర్ పేరు (మేం "సమయం" అని పెట్టాం), లెవల్స్ 3, యాడ్ నొక్కాలి, చాలామంది ఈ యాడ్ నొక్కడమే మర్చిపోతారు, తర్వాత డిఫైన్. మూడు కాలమ్స్‌నీ కొలిచిన వరసలోనే (ముందు, రెండో వారం, నాలుగో వారం) లోపలికి పంపండి, అటూఇటూ అయితే గ్రాఫ్ వంకరగా వస్తుంది. పెయిర్‌వైజ్ పోలికలకి (రెండేసి సమయాల్ని పక్కపక్కన పెట్టి చూడటానికి) పోస్ట్ హాక్ బటన్ నొక్కి ఖాళీగా ఉందని కంగారుపడకండి, అది వేర్వేరు గ్రూపులున్నప్పుడు వాడేది, మనకి కావాల్సింది ఈఎం మీన్స్, పాత వెర్షన్లలో అది ఆప్షన్స్ లోపలే ఉండేది. కంపేర్ మెయిన్ ఎఫెక్ట్స్ టిక్ చేసి కింద ఎల్ఎస్‌డీ అని ఉన్నదాన్ని బాన్‌ఫెరోనికి మార్చండి, పోలికలు ఎక్కువైతే లేని తేడా కూడా ఉన్నట్టు కనబడే ప్రమాదానికి బాన్‌ఫెరోని సవరణ చేస్తుంది, ఎల్ఎస్‌డీ అంటే అసలు సవరణే చెయ్యదు. ఆప్షన్స్‌లో డిస్క్రిప్టివ్స్, ఎఫెక్ట్ సైజ్ టిక్ చేసి ఓకే.

జమోవిలో ఇంకా తేలిక, లెవల్స్‌కి పేర్లు టైప్ చేసి ఒక్కో కాలమ్‌ని దాని గడిలోకి లాగెయ్యడమే.

అవుట్‌పుట్‌లో బోలెడు టేబుల్స్ పడతాయి, మొదట వచ్చే మల్టీవేరియేట్ టేబుల్‌ని చూసి అదే జవాబనుకోకండి. మాక్లీ టెస్ట్ దగ్గర ఆగండి. ముందుకీ రెండో వారానికీ తేడా, రెండుకీ నాలుగుకీ తేడా, ముందుకీ నాలుగుకీ తేడా, ఈ మూడు తేడాల చెదురు ఇంచుమించు ఒకేలా ఉండాలి, స్ఫెరిసిటీ అంటే అంతే. సిగ్ (అంటే పీ విలువ) 0.05 కన్నా తక్కువొస్తే అది కుదర్లేదని. రెండేసార్లు కొలిచినవాళ్లకి ఉన్నది ఒక్క తేడానే కాబట్టి ఇక్కడ 1.000 వచ్చి సిగ్ ఖాళీగా ఉంటుంది, ఏం తప్పు జరగలేదు. నా మటుకు నేను ఈ టెస్ట్‌ని పెద్దగా నమ్మను, మనుషులు తక్కువుంటే ఉన్న తేడాని కూడా పట్టుకోలేదు, అందుకే ఎలాగొచ్చినా దాని కింద అసలు ఫలితం ఉండే టెస్ట్స్ ఆఫ్ వితిన్-సబ్జెక్ట్స్ ఎఫెక్ట్స్ టేబుల్‌లో గ్రీన్‌హౌస్-గైసర్ వరసే చదువుతా. స్ఫెరిసిటీ కుదరని మేరకి లెక్కని సర్దే సవరణ, 1959 నుంచి ఉంది, ఎప్సిలాన్ (స్ఫెరిసిటీ ఎంత కుదిరిందో చెప్పే అంకె, పూర్తిగా కుదిరితే 1) 0.75 దాటితే హ్యున్-ఫెల్ట్ తీసుకోమంటారు, అదీ సరే.

ఇక ఎవరూ చూడని చోటొకటుంది, ఎర్రర్ వరసలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఎంతమంది, ఎన్నిసార్లు అన్నదాన్ని బట్టి వచ్చే అంకె). స్ఫెరిసిటీ అస్యూమ్డ్ దగ్గర 24 మందికి (24లో ఒకటి తీసేసి రెండుతో గుణిస్తే) 46 రావాలి, మాకు 36 వచ్చింది. 36ని రెండుతో భాగించి ఒకటి కలిపితే 19. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ మనిషిని మొత్తం తీసేస్తుంది, పెద్దగా చెప్పదు కూడా. సున్నాలు తీసేసినప్పుడే ఆ ఐదుగురూ పోయారు. వాళ్లు మొదటి రెండుసార్లు ఇచ్చిన మార్కులు కూడా వాడుకోవాలంటే మిక్స్‌డ్ మోడల్‌కి వెళ్లాలి, అది ఆ రాత్రికి అయ్యే పని కాదు.

మా ఎప్సిలాన్ 0.71, కాబట్టి రిపోర్ట్‌లో డిగ్రీస్ 2, 36 కాదు, రెంటినీ 0.71తో గుణించి 1.42, 25.56 అని రాశాం. పీ దగ్గర .000 కనబడితే అలాగే దించెయ్యకండి, 0.001 కన్నా తక్కువ అని రాయాలి. 24 మందితో మొదలై 19 మందిని విశ్లేషించామని, మిగతా ఐదుగురు ఎందుకు రాలేదో మొదటి పేరాలోనే పెట్టించా. "వాన అని రాయాలా అక్కా?" అంది. రాయమన్నా.