కొత్త మట్టి దాకను పొయ్యికి ఎలా అలవాటు చేయాలి?

పర్లాకిమిడి, గుణుపురం వైపు సంతల్లో మట్టి దాకలు కొనేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు. సంతోషం. కానీ వారం తిరక్కుండానే దాక పగిలిందని కుమ్మరిని తిట్టేవాళ్లూ కనిపిస్తున్నారు. నేను చూసిన వాటిలో చాలా దాకలు ఆవం (కుమ్మరి కుండలు కాల్చే బట్టీ) నుంచి బాగానే వచ్చాయి, మొదటిసారి పొయ్యెక్కించిన రోజే చెడ్డాయి.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమంటే తీసుకోండి, బొంగురుగా మోగితే ఎక్కడో బీట ఉన్నట్టే. రంగు, మెరుపు పూత ఉన్నది వద్దు. ఎగ్జిబిషన్లలో అమ్మే స్టోన్‌వేర్ గిన్నెలు 1200 డిగ్రీల దాకా కాలినవి, నీరు పీల్చవు, వడ్డించడానికి భేషుగ్గా ఉంటాయి. మంట మీద మాత్రం పెట్టకండి. అంత బిగుతైన మట్టి ఒక పక్క కాలి ఒక పక్క చల్లగా ఉంటే ఓర్చుకోలేదు. మన ఎర్రమట్టి దాక తక్కువ వేడిలో కాలుతుంది, ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి. మంటకు తట్టుకునేది వాటివల్లే.

ఇంటికి తెచ్చాక పీచుతో రుద్ది, ఒక రోజంతా నీళ్లలో ముంచి ఉంచండి. సబ్బు తగలనివ్వకండి, మట్టి దాన్ని పీల్చుకుని కూరలోకి వదులుతుంది. తర్వాత నీడలో రెండు రోజులు ఆరాలి, వానాకాలమైతే నాలుగు.

ఇక అసలు పని, గంజి కాచడం. దాకలో ముప్పాతిక వంతు పల్చటి గంజి పోయండి. అడుగు బయటివైపు పొడిగుడ్డతో తుడవండి. దాకను చిన్న బర్నర్ మీద పెట్టాకే స్టవ్ వెలిగించండి, వెలిగే మంట మీద దాకను దించకండి. మంట సిమ్‌లోనే ఉండాలి. రంధ్రాల్లో మిగిలిన నీరు ఒక్కసారిగా ఆవిరైతే బయటికి దారి దొరక్క మట్టిని చీలుస్తుంది. అందుకే మొదటి పావుగంట మంట పెంచాలన్న ఆలోచనే రానివ్వకండి. అడుగున చెమ్మ ఊరుతుంది, చుయ్‌మంటుంది. టెన్షన్ పడి దించేయకండి, మంటా పెంచకండి. గంజి చిక్కబడుతూ రంధ్రాల్లో దిగి వాటిని పూడుస్తుంది, చెమ్మ దానంతట అదే ఆగుతుంది. బుడగలు వచ్చాక ఇంకో అరగంట ఉంచి స్టవ్ ఆపేయండి.

ఆపాక కూడా దాక అక్కడే చల్లారాలి. వేడి దాకను గ్రానైట్ గట్టు మీద పెట్టారా, అడుగు విచ్చుతుంది. తప్పనిసరిగా దించాలంటే గడ్డితోనో గుడ్డతోనో చుట్టిన చుట్టకుదురు మీద పెట్టండి. చన్నీళ్లు పోయడం అసలే వద్దు. మర్నాడు ఇంకోసారి గంజి కాచండి. ఒక్కసారి చాలనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

నూనె పూసి ఎండబెట్టే పద్ధతినీ ఒప్పుకోను. లోపలికి దిగిన నూనె కొన్నాళ్లకు పాడై వాసనేస్తుంది. పూరీ జగన్నాథుడి వంటశాలలో రోజూ కొత్త కుండలే పొయ్యెక్కుతాయి, వాటికి ఇదంతా చేస్తారా అని కొందరు వాదిస్తారు. ఆ కుండల్లో మళ్లీ వండరు. మీ దాక ఏళ్ల తరబడి వండాలి.

మొదటి వారం పప్పు, అన్నం వండండి. చేపల పులుసు ఆ తర్వాతే. కడిగిన దాకను పూర్తిగా ఆరనిచ్చి, మూకుడు మూయకుండా ఉంచండి, లేదంటే బూజు పడుతుంది.