ఎండాకాలంలో నీళ్లు ఊరని చికెన్ సలాడ్

మే నెలలో విజయవాడలో చికెన్ సలాడ్ చేస్తే పావుగంటకే గిన్నె అడుగున నీళ్లు చేరేవి. రెస్టారెంట్‌లో తిన్నట్టు చిక్కగా, చల్లగా ఉండేది కాదు. ఎక్కడివా అని చూస్తే సగం కీరా నుంచి, సగం వేడి తగ్గని చికెన్ నుంచి.

ఇప్పుడు కీరా గింజలు తీసేసి, ముక్కలకు ఉప్పు కలిపి పది నిమిషాలు చిల్లుల గిన్నెలో ఉంచి, గుడ్డతో ఒత్తేస్తున్నాను. బోన్‌లెస్ బ్రెస్ట్‌ని ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి వేసిన నీళ్లలో సన్నటి సెగ మీద ఉడికిస్తాను. కుతకుత మరగనివ్వకూడదు, మరిగితే పీచులా గట్టిపడుతుంది. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టి, పూర్తిగా చల్లబడ్డాకే కోయాలి. అసలు తేడా ఇక్కడే వచ్చింది.

డ్రెస్సింగ్‌కి గుడ్డలో కట్టి నీరు తీసిన పెరుగు రెండు వంతులు, మయోనైజ్ ఒక వంతు, నిమ్మరసం, కాస్త మస్టర్డ్ సాస్. నాకైతే చిటికెడు చక్కెర కూడా ఉండాల్సిందే. ఉల్లికాడలు చివర్లో.

ఐసు ముక్కలు పోసిన పళ్లెంలో గిన్నె పెట్టి వడ్డిస్తాను. 32 డిగ్రీలు దాటిన ఎండల్లో గంటకు మించి బయట ఉన్న సలాడ్‌ని మాత్రం ఎవరికీ పెట్టను, పారేస్తాను.